వెన్నామి గారికి స్ట్రెస్ వచ్చింది

తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు. ఈ మండలాల్లో ఏ చెరువు గట్టు మీద నిలబడి చెవి ఒగ్గినా, ఏరియేటర్ల హోరులోంచి ఒక ఇంగ్లీషు మాట వినబడుతుంది: స్ట్రెస్. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు మోసుకొచ్చిన మాట అనుకునేరు. ఇది రొయ్య మాట. "నా, రొయ్య స్ట్రెస్‌లో ఉండాది. పైకి తేల్తా ఉండాది" అని చెరువు కాడి కుర్రాడు ఫోను చేస్తే చాలు, రాత్రి రెండున్నరైనా సరే, నెల్లూరులో ఏసీ గదిలో పడుకున్న యజమాని లుంగీ సర్దుకుంటూ కారెక్కుతాడు. భార్య పురిటినొప్పులకు ఈయన ఇంత చురుగ్గా లేచాడా అని అడక్కండి. ఒకరి సంసారంలో వేలు పెట్టడం నాకు అలవాటు లేదు.

వచ్చి ఏం చేస్తాడు? గట్టు మీద నిలబడి రొయ్యలకు ఉపన్యాసం ఇవ్వడు. "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి, అంతా మనం చూసే చూపులో ఉంది" అనడు. టార్చిలైటు వేసి నీళ్ల రంగు చూస్తాడు. మీటరు ముంచి ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపుకు పడిపోయిందంటే ఇంకో రెండు ఏరియేటర్లు తిప్పిస్తాడు, మేత ఆపిస్తాడు. తెల్లారాక టెక్నీషియన్ వచ్చి పీహెచ్ చూస్తాడు, అమ్మోనియా చూస్తాడు, అడుగున మట్టి నల్లబడిందేమో గుప్పెడు తీసి వాసన చూస్తాడు. రొయ్య డీలా పడితే తప్పు నీళ్లలో ఉంటుందని వీళ్లందరికీ తెలుసు. రొయ్య మనస్తత్వంలో ఉంటుందని ఇంతవరకు ఒక్కడూ అనలేదు.

కాబట్టి నా మనవి. ఒత్తిడి తగ్గించడంలో ఈ దేశానికి పాఠం చెప్పగలిగిన యజమానులు నెల్లూరు తీరంలోనే ఉన్నారు. వాళ్లను వదిలేసి పెద్ద పెద్ద కంపెనీలు బెంగళూరు నుంచి ట్రైనర్లను పిలిపించుకోవడం మన జిల్లాకే అవమానం. చిక్కల్లా ఒకటే. గట్టు దిగి ఫ్యాక్టరీ గేటు దాటేసరికి మనవాళ్లు ఆ విద్య మర్చిపోతారు.

ఈ చెరువుల్లోని రొయ్య, అంటే వెన్నామి గారు, మన ఊరివారు కారు. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం వారి పుట్టిల్లు. 2009లో మన దేశంలోకి అనుమతి దొరికింది. తల్లి రొయ్యలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో విమానమెక్కి వస్తాయి. దిగగానే చెన్నైలో ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో కొన్నాళ్లు విడిది. ప్రయాణ బడలిక తీరి, రోగం లేదని తేలాకే హేచరీకి పంపుతారు. ఆ రొయ్య తలను గిల్లడానికి ఒడిశా నుంచి వచ్చే పిల్ల జనరల్ బోగీలో తలుపు పక్కన మోకాళ్లు ముడుచుకుని వస్తుంది. ఆమెకు విడిది లేదు. దిగిన పూటే షిఫ్టు.

సీడును, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో వదిలే ముచ్చట చూడాలి మీరు. సంచులు తెచ్చి మూతి విప్పకుండా నీళ్ల మీద తేలేస్తారు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగుతారు. తర్వాత మూతి విప్పి, చెరువు నీళ్లు మగ్గుతో కొంచెం కొంచెంగా సంచిలో పోస్తారు. చెరువు ఉప్పు పిల్లలకు అలవాటు కావాలి కదా. కొత్తకోడల్ని ఇంట్లోకి తెచ్చే అత్తగారికి కూడా ఇంత నిదానం ఉండదు. పీలింగ్ షెడ్డులో కొత్తగా చేరిన పిల్లకు మాత్రం మొదటిరోజు మొదటి నిమిషంలోనే చేతికి గ్లౌజులు, కాళ్లకు గమ్‌బూట్లు, ఎదురుగా ఐసులో రొయ్యల గుట్ట, వెనక సూపర్‌వైజర్. ఆమె ఉప్పు, ఆమె వేడి ఎవరూ కొలవరు.

చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వెయ్యకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వారి నిబంధన. అంతకు మించితే రొయ్యకు స్ట్రెస్. ఫ్యాక్టరీ వెనక రేకుల హాస్టల్లో ఒక గదికి ఎంతమంది అన్నదానికి ఇట్టాంటి అథారిటీ వారు ఎవరైనా ఉంటే దయచేసి ఒకసారి రాత్రి పది తర్వాత వచ్చి తలలు లెక్కపెట్టండి. తలలు లెక్కపెట్టడం మా తీరంలో కొత్త విద్యేం కాదు.

అమావాస్యకూ పున్నమికీ రొయ్య పొర విడుస్తుంది. ఒళ్లు మెత్తబడి, పాపం, నీరసంగా ఉంటుంది. ఆ రెండు మూడు రోజులూ మేత తగ్గిస్తారు, మినరల్స్ చల్లుతారు, వల విసరరు, హడావుడి చెయ్యరు. "మోల్టింగ్ టైము, కదిలించొద్దు" అని పెద్ద రైతు పాలేరుకు చెప్పేటప్పుడు ఆ గొంతులో తల్లి మనసు పలుకుతుంది. ఆడమనిషికీ నెలలో మూడు రోజులు ఒళ్లు బాగోని రోజులుంటాయి. ఆ మూడు రోజుల్లో ఆమె మూడోసారి బాత్రూముకు పోతే సూపర్‌వైజర్ చేతి గడియారం చూసుకుంటాడు.

మబ్బు పడితే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది. వెన్నామి గారికి ఆ పూట మేత సగం. అరపూట సెలవన్నమాట. అదే మబ్బు వాయుగుండంగా ముదిరితే, వానకు ముందే పట్టుబడి చెయ్యాలని రైతులంతా ఒకేసారి వలలేస్తారు. లారీలన్నీ ఒకేసారి ఫ్యాక్టరీకి చేరతాయి. అప్పుడు షెడ్డులో ఆడవాళ్లకు ఆ రోజు రెండు రోజులవుతుంది. ఆకాశంలో ఒకే మబ్బు. కింద రొయ్యకు విశ్రాంతి, మనిషికి ఓవర్‌టైము.

చెక్ ట్రే సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. మేత వేశాక ఓ ట్రేలో కొంచెం మేత పెట్టి నీళ్లలోకి దించుతారు. గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలి ఉంటే రొయ్య సోమరిది అనరు. "మనం ఎక్కువేశాం" అంటారు, మర్నాడు తగ్గిస్తారు. షెడ్డులో టార్గెట్ మిగిలిపోతే "మనం ఎక్కువ పెట్టాం" అన్న సూపర్‌వైజరు కనబడితే నాకు కబురు చెయ్యండి. శాలువా కొని ఉంచాను.

ఇంతకూ ఈ రొయ్య వైభోగానికి కాపలా ఎవరు? గట్టు మీద రేకుల షెడ్డులో ఒక కుటుంబం. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. కుక్కకు పగలు నిద్ర ఉంది. రాత్రంతా ఏరియేటర్ల మోత వాళ్లకు జోలపాట. ఆ మోత ఆగిందంటేనే ఉలిక్కిపడి లేస్తారు, కరెంటు పోయిందని అర్థం. పరుగున పోయి జనరేటర్ వెయ్యాలి. ఆలస్యమైతే చెరువంతా తెల్లగా తేలుతుంది, ఆ నష్టం వాడి ఏడు తరాల జీతానికి సమానం. కాబట్టి ఆ మనిషి ఏళ్ల తరబడి ఒక కన్ను తెరుచుకుని పడుకుంటాడు. చెరువులో ఆక్సిజన్ మరీ పడిపోయేది తెల్లారగట్ల. సరిగ్గా మనిషికి గాఢంగా నిద్ర పట్టే వేళ. ఇద్దరిలో ఎవరి ఊపిరి ముఖ్యమో చెరువు పెట్టిన రోజే తేలిపోయింది. జ్వరమొచ్చిందని ఫోను చేస్తే యజమాని "డోలో వేసుకో" అంటాడు. కారు బయటికి తియ్యడు.

ఇప్పుడు సదస్సు సంగతి. తీరంలో ఒక రొయ్యల శుద్ధి ఫ్యాక్టరీ, పేరు వద్దు, నన్ను "ప్రముఖ రచయిత" హోదాలో పిలిచింది. అమెరికా కొనుగోలుదారుల తరఫున సోషల్ ఆడిట్ దగ్గరపడింది. ఫైల్లో పెట్టడానికి ఒక ఫొటో కావాలి. ఫొటోలో ఒక మైకు, ఒక బ్యానరు, ఒక శాలువా, శాలువా కింద ఒక రచయిత ఉండాలి. బ్యానరు మీద "పనిచోట ఒత్తిడి నివారణ: ఒక సానుకూల దృక్పథం" అని ఉంది. గోడలకు కొత్త సున్నం వాసన. బాత్రూముల్లో కొత్త సబ్బులు, వాటి మీద రేపరు కూడా విప్పలేదు.

నీలం టోపీలు, మాస్కులు పెట్టుకున్న రెండొందలమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కుర్చీలు వేదిక మీదే ఉన్నాయి. ట్రైనరు గారు బ్లేజరులో వచ్చారు. మే నెల, మా తీరంలో, బ్లేజరు. ఆయన ఒత్తిడి నాకప్పుడే అర్థమైంది. "కళ్లు మూసుకోండి. గాలి లోపలికి... పట్టి ఉంచండి... బయటికి..." అన్నారు. పక్కనే అమ్మోనియాతో నడిచే కోల్డ్ స్టోరేజీ. చెరువులో అమ్మోనియాను పాయింటు తర్వాత అంకెలతో కొలిచే మనవాళ్లు ఇక్కడ కొలిచే పని ఆడవాళ్ల ముక్కుకే అప్పగించారు. ఒకామె గాలి లోపలికి పీల్చి దగ్గింది. "బాగా పీల్చారు" అని మెచ్చుకున్నారు ట్రైనరు గారు. తర్వాత చప్పట్లు కొడుతూ గట్టిగా నవ్వమన్నారు. నవ్వారు. ఆయన బ్లేజరును చూసి నవ్వారని నా అనుమానం.

"ప్రశ్నలుంటే అడగండి, స్వేచ్ఛగా" అన్నారు. రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. చివరికి నడివయసామె ఒకామె మాస్కు కిందికి లాగింది.

"సార్, రేపు బస్సు ఎన్నింటికొస్తాదో ఇయ్యాల చెప్తే శానా స్ట్రెస్ పోతాది సార్."

ట్రైనరు గారు చిరునవ్వు నవ్వారు. "చూశారా అమ్మా, మీరు బస్సు గురించి ఆలోచిస్తున్నారు. రేపటి గురించి. ఈ క్షణంలో ఉండండి."

"ఈ క్షణంలో కాళ్లు లాగతా ఉండాయి సార్" అంది.

దానికి ఆయన దగ్గర స్లైడు లేదు. నాకు శాలువా కప్పారు, ఫొటో తీశారు. సదస్సు ముప్పావు గంట జరిగింది. ఆ ముప్పావు గంటనూ సాయంత్రం షిఫ్టుకు కలిపారని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఒత్తిడి తగ్గించడానికి పట్టిన కాలాన్ని ఒత్తిడి పెంచి రాబట్టారు. వడ్డీ వేశారో లేదో తెలీదు.

ఆ బస్సు ప్రశ్నను ఎగతాళిగా తీసిపారేసేవారికి ఒక చిన్న పాఠం. లండన్‌లో వైట్‌హాల్ అంటే మన సచివాలయం లాంటిది. 1967లో అక్కడి ఉద్యోగుల గుండెల మీద మొదలైన ఒక అధ్యయనం లెక్కలను తర్వాత మైకేల్ మార్మట్ బృందం ఏళ్ల తరబడి తవ్వింది. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు బాధ్యతల బరువుతో గుండె ఆగి పోతారని లోకమంతా అనుకునేది. లెక్క చూస్తే, గుండెజబ్బుతో పోయేవాళ్లు పై అధికారుల్లో కంటే కింది మెట్టు మెసెంజర్లు, ద్వారపాలకుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువ. పొగ, రక్తపోటు లాంటివన్నీ తీసేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. తన పని మీద తనకు పెత్తనం లేకపోవడం, అంటే బస్సు ఎన్నింటికొస్తుందో తెలీకపోవడం, అదీ ఒక జబ్బే. ఛైర్మన్ గారికి మీటింగుల ఒత్తిడి ఉంటుంది, కాదనను. కాని మీటింగు ఎన్నింటికో నిర్ణయించేది ఆయనే.

బ్లేజరు పెద్దమనుషులకు ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారం దగ్గర పెట్టుకుని, 2024లో ఫలితం అచ్చువేశాడు. ధ్యానం తరగతులు, నిద్ర యాప్‌లు, ఒత్తిడి నిభాయింపు శిక్షణలు తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే ఏమంత బాగా లేరు. ఒక్క స్వచ్ఛంద సేవ మాత్రం కాస్త మెరుగు చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ముందు పని పరిస్థితులు సరిచెయ్యమంది. ఇంత పరిశోధన జరిగి తేలిందేమిటంటే, నీళ్లు బాగుంటే రొయ్య బాగుంటుంది. మా ముత్తుకూరు మండలంలో చదువు రాని పాలేరు ఈ మాట ఉచితంగా చెప్పేవాడు.

ఇక మన పెద్దల ఔషధం చూద్దాం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల దాకా పోయి, ఆదివారం కూడా రమ్మని, ఇంట్లో కూచుని పెళ్లాం మొహం ఎంతసేపని చూస్తారన్నారు. దయగల మనిషి. మా షెడ్డు ఆడవాళ్లకు ఆయన కోరిక ఎప్పుడో తీరింది. మొగుడు తెల్లారగట్ల వేటకు పోతాడు, ఆమె మిట్టమధ్యాహ్నం బస్సెక్కి అర్ధరాత్రి దిగుతుంది. ఒకరి మొహం ఒకరు ఆధార్ కార్డు మీద చూసుకోవాల్సిందే.

నోయిడాలో ఒక కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. 2024 డిసెంబరులో, ఒత్తిడి ఉందా లేదా అని ఉద్యోగుల్ని సర్వే చేసి, "ఉంది" అన్నవాళ్లందర్నీ పనిలోంచి తీసేసినట్టు ఒక ఈమెయిల్ బయటకొచ్చింది. దేశమంతా తిట్టాక, అబ్బే, ఎవర్నీ తియ్యలేదు, అదంతా ప్రచార కార్యక్రమం అన్నారు. తీసేస్తే పద్ధతి అయ్యేది, తియ్యకపోతే ప్రకటన అయింది. మా రైతుకు ఈ వైద్యం తెలీక, చెరువులో నీరసపడ్డ రొయ్యలకు మినరల్స్ కొని పోస్తున్నాడు.

సర్కారు మాత్రం ఊరుకుందా? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తీసి చదవండి. మనసు ఒత్తిడి అన్న మాట అందులో వెతికినా దొరకదు. దొరికేవి వేరు. నిలబడి పనిచేసేవాళ్లకు వీలు దొరికినప్పుడు కూచోడానికి ఆసనాలు ఉండాలి. 250 మంది దాటితే క్యాంటీను, ఎండాకాలంలో చల్లటి నీళ్లు. 150 మంది దాటితే విశ్రాంతి గది. 30 మంది ఆడవాళ్లు దాటితే పిల్లల్ని ఉంచే గది. ఏ ట్రైనరూ లేకుండా, ఏ స్లైడూ లేకుండా, ఒక గుమాస్తా టైపు కొట్టిన ఒత్తిడి నివారణ పథకం ఇది. దీన్ని అమలుచేసి ఉంటే ట్రైనరు ఫీజు మిగిలేది.

2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఈ చట్టాన్నే సవరించాలని నిర్ణయించింది. రోజుకు 9 గంటల పని 10 గంటలు. 5 గంటలకోసారి ఇవ్వాల్సిన విరామం 6 గంటలకోసారి. మూడు నెలల్లో 75 గంటల దాకా ఉన్న ఓవర్‌టైము 144 గంటల దాకా. వారానికి 48 గంటల గీత అట్టాగే ఉందని, ఓవర్‌టైముకు జీతం వస్తుందని, పెట్టుబడులు వస్తాయని చెప్పారు. వస్తాయి, రావాలి కూడా. కాని ఆరో గంటలో ఆడమనిషి కాళ్లకు ఏం వస్తాయో ఆ చెప్పినవాళ్లు చెప్పలేదు. పులికాట్ దాటితే తమిళనాడు. అక్కడ 2021లో, కొట్లలో పనిచేసేవాళ్లకు కూచునే హక్కు ఇస్తూ చట్టం చేశారు. అంతకు మూడేళ్ల ముందే కేరళ చేసింది. ఇటు నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరల కొట్టుకు పోయి చూడండి. స్టూలు ఉంటుంది. దాని మీద కస్టమరు భర్త కూచుని ఉంటాడు.

రొయ్యే కాదు, మా తీరంలో చేప కూడా అదృష్టవంతురాలే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. సముద్రమంతటికీ ప్రసూతి సెలవు! ఆ రెండు నెలల వేట ఆగినందుకు మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలిచ్చింది. మంచి పనే, వంక పెట్టను. ఆడమనిషికీ 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. కాకపోతే ఆమె కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు కింద ఇంకో మేస్త్రీ. ఎవరి మనిషో తేలేలోపు బిడ్డ బడికి పోతుంది. మా కాళంగి, పెన్నల్లో జెల్లకు, బొమ్మిడాయికి ఈ బాధ లేదు. వాటికి యజమాని లేడు.

ఒత్తిడికి మందు ఈ జిల్లాకు కొత్త కాదని కూడా గుర్తు చెయ్యాలి. ఒకప్పుడు ఆ మందు ప్యాకెట్టులో వచ్చేది. సారా. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకున్న కూలీకి సాయంత్రం ఒత్తిడి నివారణ శిబిరం ఊరి మధ్యనే తెరిచి ఉండేది. అందులో కూలి డబ్బు పోయేది, ఇంటికి తన్నులు వచ్చేవి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఆ దుకాణం ఎందుకుండాలని అడిగారు. 1992 నాటికి అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. వాళ్లలో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు పాఠాలకెక్కింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. వాళ్లకెవరూ గాలి పీల్చడం నేర్పలేదు. చదవడం నేర్పారు. ఇప్పటి యాజమాన్యాలు సదస్సుల్లో కరపత్రాలు పంచకుండా కళ్లు మూసుకోమనడం వెనక ఎంత ముందుచూపుందో అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

ఇక్కడ రైతు తరఫున కూడా ఒక మాట. గట్టు మీద కనబడేవాళ్లంతా కారున్న యజమానులు కారు. రెండెకరాలు కౌలుకు తీసుకుని, సీడు అప్పు, మేత అప్పు, కరెంటు బిల్లు మెడకు వేసుకుని తిరిగే చిన్న రైతు ఏ లెక్కన యజమాని? 1994, 95లో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకు పోయినప్పుడు మునిగినవాళ్లలో వాడూ ఉన్నాడు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు రొయ్య ధర పడిపోయి గట్టు మీద కూలబడ్డవాళ్లలోనూ వాడున్నాడు. వాషింగ్టన్‌లో ఒక పెద్దమనిషికి వచ్చిన కోపం ఎక్స్‌పోర్టరు మీదికి, అక్కణ్నుంచి ఏజెంటు మీదికి, అక్కణ్నుంచి రైతు మీదికి దిగి, చివరికి షెడ్డులో "రేపట్నించి బస్సు రాదు" అన్న మాటగా ఆగింది. నీళ్లు పల్లానికి పోయినట్టు ఒత్తిడీ పల్లానికే పోతుంది.

ఈ పల్లాన్ని ఒకసారి సుప్రీంకోర్టు చూసింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసు తీర్పులో, తీరాన్ని ఆనుకుని ఉన్న రొయ్యల చెరువులు మూసెయ్యమంది. ఆ చెరువులతో పాటు పని పోయే కూలీలకు చట్ట ప్రకారం పరిహారం, దాని మీద ఆరేళ్ల జీతం ఇవ్వాలని కూడా అంది. ఆరేళ్ల జీతం! తర్వాత 2005లో పార్లమెంటు చట్టం చేసి చెరువులకు మళ్లీ ఊపిరి పోసింది. చెరువులు ఉన్నాయి, చూశాను. ఆ ఆరేళ్ల జీతం అందుకున్న కూలీ మాత్రం ఈ గట్టుల మీద ఇన్నేళ్ల నా తిరుగుడులో ఎదురుపడలేదు. ఎదురుపడితే ఆ శాలువా ఆయనకే.

కాబట్టి సమస్త కార్మికుల తరఫున నేనొక అర్జీ రాసి పెట్టాను. మహారాజశ్రీ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వారి సముఖమునకు. అయ్యా, ఈ కింద వేలిముద్ర వేసిన మమ్మల్ని మనుషుల జాబితాలోంచి తీసేసి లిటోపీనియస్ వెన్నామిగా నమోదు చేసుకోవలసిందని ప్రార్థన. మాకు జీతం పెంచమని అడగడం లేదు. మమ్మల్ని నిలబెట్టే చోట గాలి ఎంతుందో రోజూ కొలిచి రాసిపెట్టే పుస్తకం ఒకటి చాలు. పని మిగిలిపోతే పెట్టినవాడు ఎక్కువ పెట్టాడని రాయండి. మెత్తబడ్డ రోజుల్లో కదిలించకండి. తెల్లారగట్ల మాకు ఊపిరాడకపోతే ఎవరో ఒకరు కారులో రండి. చివరికి మమ్మల్ని తూకం వేస్తారని మాకు తెలుసు. దానికి అభ్యంతరం లేదు.

అర్జీ ఇంకా పోస్టు చెయ్యలేదు. అథారిటీ వారు దీన్ని ఒప్పుకుంటే, ముందుగా కార్మిక శాఖలో ఉద్యోగాలు పోతాయేమోనని వెనకాడుతున్నాను. పాపం వాళ్లకు మాత్రం స్ట్రెస్ ఎందుకు.

మొహర్రంకు నెల్లూరులో రొట్టెల పండుగకు పోయాను. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఇసకేస్తే రాలనంత జనం. విద్యా రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె అని కేకలు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు వచ్చి ఆ పేరుతోనే రొట్టె ఇచ్చిపోతారు. నీళ్లలో ఒకామె రొట్టెలు పంచుతోంది. సదస్సులో బస్సు సంగతి అడిగినామె. మాస్కు లేకపోయినా ఆ గొంతు గుర్తుపట్టాను.

"ఉద్యోగ రొట్టె నా. పోయినేడు తీసుకున్నా, పని దొరికింది. తీర్చేదానికొచ్చినా" అంది.

"మరి ఈ ఏడు ఏ రొట్టె తీసుకుంటావు?"

ఆమె అటూ ఇటూ చూసి, పక్కన రొట్టెలతో నిలబడ్డ పెద్దాయన్ని అడిగింది. "తాతా, కూచునే రొట్టె ఉండాదా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాసేపు తన చేతిలో రొట్టెల వంక చూశాడు. "ఆరోగ్య రొట్టె తీసుకోమ్మా. అది గూడా అందులోకే వస్తాది" అన్నాడు.

తీసుకుంది. మోకాళ్ల లోతు నీళ్లలో, నిలబడే తినింది.